ఆసు దగ్గర ఆగిన చెయ్యి

ముక్క వేసే ముందు అతను దాని అంచును బొటనవేలితో ఒకసారి నిమిరేవాడు. ఆసైనా రెండైనా అదే నిమరడం, అంతే సేపు. ఆ మొహం చూసి చేతిలో ఏముందో చెప్పగలిగినవాడు కాగితం మిల్లులో ఒక్కడూ లేడు. అందుకే అందరూ అతన్ని రాయి అనేవారు. పనికి బాయిలర్ మేస్త్రి. ఏళ్ళ తరబడి మంట ముందు నిలబడి మాటలు తగ్గించుకున్న మనిషి.

బ్రిడ్జిలో అతని జోడీ తోడల్లుడు. అదే మిల్లు గోడౌన్‌లో రీములు కట్టేవాడు. వారానికోసారి షిఫ్టు దిగాక క్లబ్బు గదిలో మేనేజర్‌తోనూ, కాంపౌండర్‌తోనూ ఆడేవారు. ఎదుటివాళ్ళు ఇన్ని పట్టులు గెలుస్తామని పాడితే, ఆ కాంట్రాక్టును పడగొట్టడంలో ఈ ఇద్దరికీ పేరుంది.

మిల్లులో మనుషుల్ని తీసేస్తారని అనుకుంటున్న రోజులవి. క్లబ్బు మెట్ల దగ్గర తోడల్లుడు అతని చెయ్యి పట్టుకున్నాడు.

"అన్నయ్యా, ఈ ఒక్క పూటా మేనేజర్ని గెలవనియ్యి."

"పేకాట చూసి ఉద్యోగాలిస్తారా ఎక్కడైనా?"

"ఇవ్వరు. పీకకుండా వదిలేస్తాడేమోనని ఆశ. నీ మరదలి మొహం చూసైనా..."

"సరేలే, పద."

ఆఖరి ఆటలో మేనేజర్ పది పట్టులు పాడాడు. తొమ్మిది వచ్చాయి. అందరి చేతుల్లోనూ రెండేసి ముక్కలు మిగిలాయి. ఇంకొక్కటి గెలిస్తే చాలు.

మేనేజర్ చిన్న కళావరు వేశాడు. తర్వాతి వంతు మేస్త్రిది. అతని చేతిలో కళావరు ఆసు, ఒక చిన్న కళావరు. పాడినవాడి జోడీ కాబట్టి కాంపౌండర్ బల్లమీద పరిచిన ముక్కలు కళావరు రాజు, జాకీ; వాటిలో ఏది వేయాలో మేనేజరే చెప్తాడు. మేస్త్రి చిన్న ముక్క వేశాక, ఆసు అతని దగ్గరే ఉందని పసిగడితే మేనేజర్ రాజును వేయిస్తాడు, గెలుస్తాడు. లేదనుకుంటే జాకీని వేయిస్తాడు, ఇంకా బయటపడని రాణి దెబ్బకి మునుగుతాడు.

మేస్త్రి ఆసు పారేస్తే సరిపోయేది. కానీ అది భిక్ష వేసినట్టు అందరికీ తెలిసిపోతుంది. చిన్న ముక్కే వేయాలి. వేసే ముందు, ఆసు ఉందని తెలిసేలా తడబడాలి. ఆ తడబాటును చదవలేనంత అమాయకుడు కాదు మేనేజర్.

బొటనవేలు ఆగింది. ఆసును సగం పైకి లాగాడు, మళ్ళీ లోపలికి తోశాడు, చిన్న ముక్క వేశాడు. ఇన్నేళ్ళూ కాపాడుకున్నదేదో ఆ కాస్త సేపట్లో చేజారింది. చెవులు కాలాయి.

"రాయికి చెమట పట్టిందే! గొడుగులు తెచ్చుకున్నారా?" అన్నాడు కాంపౌండర్.

మేనేజర్ మేస్త్రి మొహంలోకి చూసి నవ్వాడు. "ఎప్పుడూ లేనిది ఇవాళ తడబడతావా? ఈ నాటకాలు నా దగ్గరా? జాకీ వెయ్యండి, కాంపౌండర్ గారూ."

జాకీ మీద తోడల్లుడి రాణి పడింది. వేయడానికి అతని దగ్గర వేరే కళావరు లేదు. మిగిలిన ఒక్క ముక్క డైమన్ నాలుగు. దాన్ని కొట్టేది ఎవరి దగ్గరా లేదు. మేనేజర్ కాంట్రాక్టును తోడల్లుడు తన చేత్తో తానే పడగొట్టాడు.

అతను కుర్చీ వెనక్కి తోసి లేచాడు. మేస్త్రి పక్కగా వెళ్తూ, "మాటిచ్చి కడుపు మీద కొట్టావు కదన్నయ్యా," అన్నాడు.

కాంపౌండర్ కూడా వెళ్ళాక మేనేజర్ ముక్కలు సర్దుతూ తల ఎత్తకుండా అన్నాడు. "తీసేసేవాళ్ళ పేర్లు మొన్ననే పైకి పంపేశాను. మీవాడిదీ ఉంది. రేపు గేటు దగ్గర చెప్తారు. ఆడినంతసేపూ అతని వైపు చూడలేకపోయాను."

మర్నాడు సైరన్ మోగకముందే మేస్త్రి తోడల్లుడి గుమ్మంలో నిలబడ్డాడు. ఆ మాట పరాయివాళ్ళ నోట వినకూడదని. మరదలు "రండి బావగారూ" అని పక్కకు తప్పుకుంది. తోడల్లుడు ఇస్త్రీ చొక్కాకి గుండీలు పెట్టుకుంటున్నాడు.

"నేనొచ్చేశాక ఏమైనా అన్నాడా?"

"పేర్లు మొన్ననే వెళ్ళాయట తమ్ముడూ. నీదీ ఉంది."

గుండీ మీద చెయ్యి అలాగే ఉండిపోయింది. "మొన్ననే?"

"మొన్ననే. నిన్నటి ఆటతో దానికి సంబంధం లేదు. నేను నిజంగానే ఓడిపోదామని ఆగాను."

తోడల్లుడు చాలాసేపు అతని మొహంలోకి చూశాడు. అందులో ఎప్పట్లాగే ఏమీ కనబడలేదు.

"బాగానే అల్లుకొచ్చావన్నయ్యా," అన్నాడు. "వెళ్ళు, నీకు పనుంది."

సైరన్ మోగింది. మేస్త్రి మెట్లు దిగి మిల్లుకు నడిచాడు. రాత్రి షిఫ్టువాడి చేతిలోంచి పార అందుకుని, మంటలో బొగ్గు వేశాడు.