అర్థమైందా అని అడిగేదాన్ని

ఆదోనిలో డిగ్రీ పిల్లలకు లెక్కలు చెప్పడం మొదలుపెట్టిన నాలుగో ఏడు, నన్ను ఇరవై మందికి మెంటర్‌గా వేసి ఒక రిజిస్టరు చేతికిచ్చారు. నెలకోసారి పిల్లల్ని పిలిచి మాట్లాడాలి, మాట్లాడినట్టు సంతకం తీసుకోవాలి. ఆ ఇరవై మందిలో ఒకమ్మాయి మీదే నేను మనసు పెట్టాను. మిగతావాళ్లు సంతకాలు పెట్టి వెళ్లిపోయేవాళ్లు.

ఆ అమ్మాయిది పెద్దకడుబూరు దగ్గర ఒక పల్లె. అమ్మానాన్నలు పత్తి చేలల్లో కూలికి పోయేవాళ్లు. లెక్కల్లో ఎప్పుడూ ఆ పిల్లే క్లాసు ఫస్టు. ఎలాగైనా ఎమ్మెస్సీ చదివించి తీరాలని మొదటి ఏడాదిలోనే నిర్ణయించేశాను. నీకు ఇష్టమేనా అని అడిగినట్టు మాత్రం గుర్తు లేదు. ఒకరోజు వాళ్ల నాన్నను పిలిపించాను. ఆయన స్టాఫ్ రూము గడప దాటి లోపలికి రాలేదు. "మాకేం తెలుస్తాది మేడమ్. మీరు యాడికి పొమ్మంటే ఆడికి పంపిస్తాం" అన్నాడు. ఆ మాట విని పొంగిపోయాను.

సాయంత్రం క్లాసులయ్యాక ఆ పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకునేదాన్ని. నేను ఎమ్మిగనూరు చేరాలి, ఆమె ఊరూ ఆ దారిలోనే, ఇద్దరిదీ ఒకే బస్సు. లెక్క ఇచ్చి అర నిమిషం చూసేదాన్ని. పెన్ను ఆగిందంటే నాకు ఓపిక నిలిచేది కాదు. "ఇటివ్వు" అని నోటుబుక్కు లాక్కుని నేనే పూర్తి చేసి, "అర్థమైందా?" అనేదాన్ని. "అయ్యింది మేడమ్" అనేది. మూడేళ్లూ అదే జవాబు. నా అంత బాగా చెప్పేవాళ్లు లేరనుకున్నాను.

డిగ్రీ అయ్యాక అనంతపురంలో ఎమ్మెస్సీ సీటొచ్చింది. స్టాఫ్ అందరికీ నేనే స్వీట్లు పంచాను. దసరా సెలవులయ్యాక ఆమె నా ఫోను ఎత్తడం మానేసింది. పరీక్షలు రాయకుండానే ఇంటికొచ్చేసిందని ఆ ఊరి పిల్లలు చెప్పారు. నాకు కోపం వచ్చింది. ఇంత చేస్తే ఇదా అనుకున్నాను. ఊరు ఎంతో దూరం కాదు, రోజూ దాని మీదుగానే పోతాను. ఒక్కసారి కూడా బస్సు దిగలేదు.

ఈమధ్య, రెండేళ్ల తర్వాత, ఆదోని బస్టాండులో కనపడింది. పత్తి మిల్లులో తూకం దగ్గర పని చేస్తోందట. జుట్టు మీద దూది నూగు ఇంకా ఉంది. బస్సెక్కాక పక్కన కూర్చోమన్నాను. బస్సు ఊరు దాటింది. నేనే అడిగాను.

"ఎందుకు వచ్చేశావమ్మా?"

"ఆడ ఎవురి లెక్క వాళ్లే సేసుకోవల్ల మేడమ్. నాకు సగం దాకా వస్తాది, ఆడ నిలిసిపోతాది. ఆ పైన ఏం సెయ్యల్లో ఎప్పుడూ తెలీదు. మీరు సేసి సూపినవే ఈడ పరీక్షల్లో వస్తాండె, నాకే వచ్చిందనుకుంటి."

"నాకు చెప్పి ఉండాల్సింది కదా."

"మీరు అంత కష్టపడి సెప్తాంటే, కాలేదని ఎట్ల సెప్పేది?"

కోపంగా అన్న మాట కాదు. నన్ను నొప్పించకూడదన్నట్టే అంది. "అసలు నీకేం కావాలని ఉండేది?" అన్నాను. అన్నేళ్లలో ఆ ప్రశ్న వేయడం అదే మొదటిసారి.

"టీచర్ ట్రైనింగ్ సేసి సిన్నపిల్లోళ్లకు సదువు సెప్పల్లని ఉండె."

"ఇప్పుడైనా చెయ్యొచ్చుగా?"

"ఇప్పుడు మా సెల్లెలు ఇంటర్ సదువుతాంది. దానిది కానీ మేడమ్, ఆ పైన సూస్తాం."

చెల్లెల్ని మా కాలేజీలో చేర్పించు, నేను చూసుకుంటాను అనే మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను. దాని బదులు తప్పు నాదేనమ్మా అని చెప్పాలనుకున్నాను. ఎలా మొదలుపెట్టాలా అని ఆలోచిస్తుండగానే ఆమె స్టేజీ వచ్చింది. "పోయొస్తా మేడమ్" అని సంచి సర్దుకుని లేచింది.

"జాగ్రత్తమ్మా" అన్నాను. అంతే అనగలిగాను.