దమ్ము అని రాయని కాగితం

మా వాడ ఆశక్క మొన్న సోమవారం పొద్దున పోయింది. ఆమె కూతురు ఫోన్లో ఒకటే మాట అన్నది: "అమ్మకు దమ్ము ఆడలే, సారూ." అప్పటి నుంచి నాకు ఏడుపు రావడం లేదు, కోపం వస్తున్నది. పోయినవాళ్లను నాలుగు మంచి మాటలతో సాగనంపడం ఇవాళ నా చేత కాదు.

మీలో చాలామందికి ఆమె తెలియదు. మెదక్‌లో చర్చి వెనక మా వాడకు ఆమె ఆశా వర్కరు. అంతకు ముందు ఏళ్ల తరబడి బీడీలు చుట్టింది. ఏ ఇంట్లో బాలింత ఉందో, ఏ పిల్లకు సూది పడాలో ఆమెకు నోటికి వచ్చేది. మా పాప పుట్టిన రోజున ఆటోలో నా భార్య చెయ్యి పట్టుకుని దవాఖానకు పోయింది ఆమే. బీపీ మాత్ర ఎగ్గొట్టే ముసలాయనకు నీళ్ల చెంబు చేతికిచ్చి, "నేను పోయినంక ఉమ్మేస్తవ్, నోరు తెరువు" అని గద్దించేది. మూడు మెట్లు ఎక్కితే మాత్రం ఆగి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, మాట్లాడకుండా నిలబడేది. అది బీడీల తంబాకు దుమ్ము తెచ్చిన దమ్ము, ఆయాసం అని వాడంతటికీ తెలుసు.

రెండేళ్ల కింద హైదరాబాదు నుంచి పరిశోధనవాళ్లు వచ్చారు. బీడీలు చుట్టే ఆడవాళ్ల ఊపిరితిత్తులు ఎట్లున్నాయో చూస్తారట. జబ్బు ఎక్కువ కనబడితే ఊపిరి పరీక్ష చేసే మిషను మెదక్ దవాఖానకే ఇస్తామన్నారు. ప్రశ్నలు ఇంగ్లీషులో ఉన్నాయి. తెలుగులోకి మార్చింది నేనే, బడిలో తెలుగు చెప్పేవాణ్ణి కదా. "మీకు శ్వాసక్రియలో ఇబ్బంది కలదా?" అని రాసి మురిసిపోయాను.

ఆ కాగితం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది ఆశక్క. మూడో రోజే మా ఇంటికి వచ్చింది.

"సారూ, గీ శ్వాసక్రియ ఏందో ఎవ్వలకు సమజైతలేదు. అందరు లేదు లేదు అంటుండ్రు. దమ్ము వస్తదా అని రాయుండ్రి."

"పరిశోధనలో దమ్ము అని రాస్తారా అక్కా? బాగుండదు."

"మనకు వచ్చేది గదే గద సారూ."

నేను వినలేదు. ఆమె పోయి పరిశోధన సారునూ అడిగింది. కాగితంలో ఉన్నది ఉన్నట్టే చదవాలి, ఒక్క మాట మారినా చెల్లదని ఆయన అన్నాడట. అందరినీ ఒకే మాటతో అడగాలన్నది నిజమే. ఆ మాట ఎవరికీ తెలియకపోతే ఏం అడిగినట్టు? ఒక్క ఇంట్లో కూర్చుని వినడానికి ఆయనకు తీరిక లేదు. నాకు తీరిక ఉంది, సిగ్గు అడ్డమొచ్చింది. మన మాట మోటుగా ఉంటుందని సిగ్గు. ఆ సిగ్గు నెత్తిన మన్ను పొయ్య!

చివరికి ఈ వాడల్లో ఊపిరి ఇబ్బంది పెద్దగా లేదని తేల్చారు. మిషను ఇంకో ఊరికి పోయింది. ఆశక్కకు పరీక్ష కావాలంటే హైదరాబాదు బస్సెక్కాలి. "ఈ వారం పిల్లల సూదులున్నయి, వచ్చే వారం పోత" అంటూ ఎక్కనే లేదు.

ఆమె పోయిన మూడో రోజు వాళ్లింటికి పోయాను. ఆమెతో బీడీలు చుట్టినవాళ్లంతా చాప మీద కూర్చున్నారు. "మీలో దమ్ము ఎవరెవరికి వస్తది?" అని అడిగాను.

ముందు, తల్లిలాగే బీడీలు చుట్టే ఆమె కూతురు చెయ్యెత్తింది. తర్వాత ఒకటొకటిగా, తంబాకుకు వేలికొసలు పచ్చబడ్డ చేతులు చాప ఈ చివర నుంచి ఆ చివర దాకా లేచాయి.