స్వరూపక్క ‘జరాగు’ అన్న రోజు

కొండాపూర్‌లో మా బాల్కనీ ఎదురుగా మళ్ళీ ఏదో టవర్ లేస్తోంది. పొద్దున్నుంచీ రాయి తొలిచే మిషన్ చప్పుడు, దానితోపాటు తడిసిన రాతిపొడి వాసన. ఆ వాసన తగిలితే చాలు, నా ఊపిరి దానంతటదే చిన్నదైపోతుంది. వెంటనే స్వరూపక్క గుర్తొస్తుంది.

ఆమె మా టీమ్ లీడ్. బోరబండలో పుట్టి పెరిగిన మనిషి. కాకినాడ నుంచి కొత్తగా వచ్చిన నేను మేడమ్ అని పిలిస్తే ఊరుకునేది కాదు. శనివారం పొద్దున మమ్మల్ని ఆఫీసు వెనక ఇంకా పగలగొట్టకుండా మిగిలిన గుండ్ల మీదికి ఎక్కించేది. ఆడవాళ్లకు ఈ రాళ్లెక్కడాలేమిటని మా మేనేజర్ నవ్వితే, మరుసటి వారం ఇంకో ఇద్దరిని వెంటేసుకొచ్చింది. నేను లిఫ్టులో కరెంటు పోతే ఏడ్చే రకం. అందుకే నా మీద ఆమెకు పట్టుదల ఎక్కువ.

రెండు పెద్ద గుండ్లు ఒకదాని మీద ఒకటి ఒరిగిన చోట ఒక ఇరుకు గుహ ఉండేది. పక్కకు తిరిగి పాకితే అవతల తేలవచ్చు. ఆ రోజు ఆమె ముందు వెళ్లింది. వెనక నేను దూరాను. సగం దారిలో నా చొక్కా రాతికి పట్టుకుంది. అది చూసి ఆమె అవతలి నుంచి “జరాగు” అని అరిచింది. ఆమె నోట అది ‘జర ఆగు’, అంటే కాస్త ఆగమని. గుహలో మాట మోగి, మా వైపు భాష తప్ప ఇంకోటి ఎరగని నాకు ‘జరుగు’ అనే వినబడింది. బలమంతా పెట్టి జరిగాను. కాళ్ల కింద మట్టి జారి, కింది సందులోకి నడుము దాకా దిగబడ్డాను. పైనున్న రాయి ఒకటి కదిలి భుజం మీదికి వాలింది.

తోటివాళ్లు ఫైర్ స్టేషన్‌కు ఫోన్ చేశారు. కబురు తెలిసి మేనేజర్ కూడా పరుగెత్తుకొచ్చాడు. ఫైర్‌వాళ్లు వచ్చేదాకా ఆగడం ఎందుకని పక్క సైటు నుంచి జేసీబీ తెప్పించాడు. పై రాయిని నెట్టేస్తే పిల్ల బయటికొస్తుందని ఆయన లెక్క. అది కదిలితే నేను నలిగిపోతానని స్వరూపక్క ఎంత చెప్పినా వినలేదు. మిషన్ చప్పుడు రాళ్లలోంచి నా పళ్ల దాకా వచ్చింది. అప్పుడు ఆమె వెళ్లి గుహ మూతికి అడ్డంగా కూర్చుంది.

“ముందుగాల నన్ను తొక్కిచ్చుండ్రి. గప్పుడు రాయిని ముట్టుండ్రి.”

మిషన్ ఆగింది. ఆ తర్వాత ఆమె బోర్లా పడుకుని, చెయ్యి చాచి నా వేళ్లు పట్టుకుంది. ఇక ‘జర’ అన్న మాటే నోట రానివ్వలేదు. ఎవరినీ ‘అండీ’ అని పిలిచే అలవాటు లేని మనిషి, నా కోసం మా ఊరి యాస తెచ్చిపెట్టుకుని “కదలకండి, అస్సలు కదలకండి” అంటూనే ఉంది. అంత భయంలోనూ నవ్వొచ్చింది. నవ్వితే ఛాతీకి రాయి గుచ్చుకుంది. చచ్చిపోతానా అక్కా అని అడిగాను.

“ఏమో. నేనైతే ఈడికెళ్లి లేవ,” అంది.

ఏమీ కాదని ఆమె అబద్ధమాడి ఉంటే నేను నమ్మేదాన్ని కాదు. ఇక్కణ్ణుంచి లేవనన్న మాట నమ్మాను. ఫైర్ సిబ్బంది వచ్చి, రాయి జారకుండా చెక్క దిమ్మెలు దన్ను పెట్టి, కింది మట్టి చేతులతో తోడి నన్ను లాగేదాకా ఆమె నిజంగానే లేవలేదు.

బయట నేను నీళ్లు తాగుతుంటే మేనేజర్ దగ్గరికొచ్చాడు. స్వరూప బలవంతం చేసిందని చెబితే నాకు ఏ ఇబ్బందీ రాదన్నాడు.

“నా కాళ్లతో నేనే వచ్చానండి. వచ్చే శనివారం కూడా వస్తాను,” అన్నాను.

వెళ్లాను కూడా. స్వరూపక్కకు మాత్రం లీడ్ పదవి పోయింది. ఇకమీదట ఎవరినీ గుండ్లకు తీసుకెళ్లనని మాటిస్తే ఉంచుతామన్నారట. ఇవ్వలేదు. ఇప్పుడు పుణెలో వేరే ఉద్యోగంలో ఉంది. అక్కడి కొండలనూ వదిలిపెట్టి ఉండదు.

నేనేమీ ధైర్యవంతురాలినైపోలేదు. ఇరుకు చోట ఇప్పటికీ చెమటలు పడతాయి. అయినా మా అపార్ట్‌మెంట్ ఆడపిల్లలను గుండ్లెక్కడానికి నేనే తీసుకెళ్తున్నాను. పోయిన వారం ఒక తండ్రి గేటు దగ్గర ఆపి, ఒకసారి ఇరుక్కున్నారట కదా, ఇంకా బుద్ధి రాలేదా అని అడిగాడు. వచ్చిందన్నాను, అందుకే తాడు కూడా తెచ్చానన్నాను. ఆయన ఇంకా ఏదో అనబోయాడు. ఆయన కూతురు అప్పటికే నా పక్కన నిలబడి హెల్మెట్ పట్టీ బిగించుకుంటోంది.