పదిహేడో నంబరు గ్రాంటు

ఆ రోజుల్లో నాకు కోపం ఎంత సులువుగా వచ్చేదో తలచుకుంటే ఇప్పుడు నాకే ఆశ్చర్యంగా ఉంటుంది. ఇరవై నాలుగేళ్ల వయసు, కొత్త ఎమ్మెస్సీ పట్టా, లోకంలో అందరూ సోమరులు నేనొక్కణ్ణే పనిమంతుణ్ణి అనే గట్టి నమ్మకం. ఈ మూడూ ఒకచోట చేరితే మనిషి ఎంత భరించరానివాడిగా తయారవుతాడో తెలుసుకోవాలంటే నా మొదటి ఉద్యోగం సంగతి వింటే చాలు. అనంతపురం జిల్లాలో ఊరికి దూరంగా, ఎర్రమట్టి, రాళ్లగుట్టలు, కంపచెట్లు తప్ప మరేమీ కనబడని చోట ఉన్న ఒక విశ్వవిద్యాలయంలో 'పరిశోధన విభాగం' అని బోర్డు తగిలించిన గది ఒకటి ఉండేది. అందులో నన్ను కాంట్రాక్టు మీద వేసుకున్నారు. పరిశోధనలకు ఎవరెవరు గ్రాంట్లు ఇస్తున్నారో కంప్యూటర్లో వెతికి మా అధ్యాపకులకు తెలియజెయ్యడం నా పని. కళ్యాణదుర్గంలో ఉన్న మా నాయనకు ఈ ఉద్యోగం అర్థమయ్యేట్టు చెప్పడానికి నాకు రెండు పండగలు పట్టింది. "అంటే యాడెవురు దుడ్లిస్తారో చూసి సార్లకు చెప్పేదా? అది చెప్పేదానికి నీకు జీతమిస్తారా?" అని అడిగి, నమ్మకం కుదరక మా అమ్మవైపు చూశాడు.

నాయన అనుమానం న్యాయమైనదేనని నెల తిరక్కుండానే తేలిపోయింది. నేను వారమంతా కళ్లు కాయలు కాచేలా వెతికి ప్రతి సోమవారం ఒక జాబితా తయారుచేసేవాణ్ణి. దాన్ని నేరుగా అధ్యాపకులకు పంపితే సరిపోతుందనుకోవడం నా అమాయకత్వం. మధ్యలో మా సూపరింటెండెంటు ఉన్నాడు. ఆయన చేతిలో ఎప్పుడూ రబ్బరు ముద్ర ఉండేది కాబట్టి అందరం ముద్ర సార్ అనేవాళ్లం. (టీ తాగేటప్పుడు కూడా దాన్ని ఎడమచేతిలోకి మార్చుకునేవాడే తప్ప కింద పెట్టేవాడు కాదు.) నా జాబితాను ప్రింటు తీసి, ముద్ర కొట్టి, ఇన్వర్డు నంబరు వేసి, సర్క్యులర్ పుస్తకంలో అతికించి, అటెండరు సైకిలు మీద పంతొమ్మిది విభాగాలకు తిప్పాలి. ప్రతి విభాగాధిపతీ 'చూశాను' అని సంతకం పెట్టాలి. పుస్తకం పంతొమ్మిదో విభాగానికి చేరేసరికి జాబితాలో సగం గడువులు దాటిపోయేవి. "కంప్యూటర్లోనే పంపిస్తాను సార్, ఒక్క నిమిషం పని" అంటే ఆయన నన్ను జాలిగా చూసేవాడు. "కంప్యూటర్లో ఉండేది ఉండేది కాదప్పా. కాయితం మీదికొచ్చి, నంబరు పడి, నలుగురూ సంతకం పెడితేనే అది ఉండాదని అర్థం."

ఆ సంతకాలు చూస్తే నాకు ఒళ్లు మండేది. జాబితా చదివి పెట్టిన సంతకం ఒక్కటీ లేదని నాకు తెలుసు. వాట్సాప్ గ్రూపులో పెట్టి చూశాను. నలభై శుభోదయాల మధ్య నా జాబితా మునిగిపోయింది. ఒక సార్ మాత్రం దానికి బదులుగా చేతులు జోడించిన బొమ్మ పంపాడు. స్వయంగా గదిగదికీ తిరిగాను. రసాయనశాస్త్రం సార్ "నానో ఏమన్నా ఉంటే మరిచిపోకుండా చెప్పప్పా" అన్నాడు. మూడు వారాలుగా జాబితాలో మూడో అంశం నానోనే! అర్థశాస్త్రం మేడమ్ "ఇంత పొడుగుంటే ఎవరు చదువుతారు?" అంటే ఒక పేజీకి కుదించాను. మరుసటి వారం "ఇంత పొట్టిగా ఉంటే ఏం తెలుస్తుంది?" అన్నారు. రిజిస్ట్రారు కనబడినప్పుడల్లా "ఒక్క దరఖాస్తన్నా పోయిందా?" అని నన్నే అడిగేవారు, రాయనిది నేనయినట్టు.

ఒకరోజు మధ్యాహ్నం బస్సు దిగి వస్తుంటే మా వరండాలో ఒక మేక నిలబడి ఉంది. వానలు లేని ఏడాది అది. పక్క పల్లె మేకలు కంచె సందులోంచి దూరి లోపలికి వచ్చేవి. ఈ మేక ముందరి కాళ్లు గోడకు ఆనించి, నోటీసు బోర్డు మీది నా జాబితాను కింది అంచు నుంచి నెమ్మదిగా నములుతోంది. అదిలించబోయి ఆగిపోయాను. ఇన్ని నెలల్లో నా జాబితాను మొదటి నుంచి చివరిదాకా వదలకుండా పూర్తిచేసిన ప్రాణి అదొక్కటే.

ఆ కసిలో లోపలికి వెళ్లి, ఆ వారం జాబితాలో పదహారు అసలు గ్రాంట్ల కింద పదిహేడోది నేనే సృష్టించాను. 'కరువు ప్రాంతాలలో మేకలు కాగితాలు, ప్లాస్టిక్ కవర్లు మొదలైనవి తినుటపై సమగ్ర పరిశోధన. నిధులు ఇచ్చువారు: శుష్కభూముల జీవధన పరిశోధనా నిధి. దరఖాస్తులు నెలాఖరులోగా పరిశోధన విభాగమునకే అందజేయవలెను.' ముద్ర సార్ కళ్లు ఎత్తకుండా ముద్ర కొట్టాడు. పుస్తకం బయల్దేరింది. పది రోజుల తరువాత పంతొమ్మిది 'చూశాను'లతో తిరిగొచ్చింది. ఒక్కరంటే ఒక్కరు కూడా ఇదేమిటని అడగలేదు. నా అభిప్రాయం రుజువైందని నాలో నేనే నవ్వుకుని, చిన్నపాటి విజేతలా బజ్జీలు తెప్పించుకుని తిన్నాను.

నెలాఖరుకు రెండు రోజుల ముందు మేకల సార్ వచ్చాడు. జంతుశాస్త్రం విభాగంలో పనిచేసే పెద్దాయన. తనకల్లు వైపు మేకలు కాచుకునే ఇంట్లో పుట్టి, ఆ మేకల వెంట తిరుగుతూనే చదువుకున్నాడట. రిటైరు కావడానికి ఇంకా మూడేళ్లుంది. పెద్దగా ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు, నేను ఆయన్ను లెక్కలోకే తీసుకోలేదు. గుడ్డసంచిలోంచి నలభై పేజీల కట్ట తీసి నా ముందు పెట్టాడు. "పదిహేడో నంబరుది. గడువు లోపలే తెచ్చినా, చూడప్పా" అన్నాడు.

"సార్, మీరు... జాబితా చదివారా?" అన్నాను.

"ప్రతి వారం చదువుతా. మా హెడ్డు సంతకం పెట్టేలోపల ఆయన బల్ల పక్కన నిలబడి చదువుకుంటా. నాకు పనికొచ్చేది ఎప్పుడూ ఉండదు, అయినా చదువుతా. నువ్వు బాగా కష్టపడి చేస్తాండావు కదా" అన్నాడు. కళ్లజోడు తీసి పంచె అంచుతో తుడుచుకున్నాడు. "ఎన్నో ఏండ్లనుంచి దరఖాస్తులు పంపుతాండానప్పా. అందురూ 'మా పరిధిలోకి రాదు' అనే రాసినారు. మేకలు ఏం తింటాండాయని అడిగినోడు ఇన్నాళ్లకు ఒకడు పుట్టినాడు."

ఆయన వెళ్లాక కట్ట తెరిచాను. నవ్వుకోవచ్చులే అనుకుని తెరిచాను, నిజం చెప్పొద్దూ. కణేకల్ నుంచి తనకల్లు దాకా ఏ పల్లెలో, ఏ నెలలో, మేత ఏది అయిపోయాక మేకలు దేనికి నోరు పెట్టాయో ఏళ్ల తరబడి రాసిపెట్టుకున్న వివరాలు. చచ్చిన మేకల కడుపుల్లో దొరికిన కవర్ల ముద్దల కొలతలు. ఒక్కో మేక పోతే ఆ ఇంటి ఆడవాళ్లు ఏం పోగొట్టుకున్నారో వాళ్ల మాటల్లోనే. మేకను చూసి పల్లె కరువును ముందే పసిగట్టవచ్చని ఆయన వాదన. నలభై పేజీలూ చదివేసరికి నా మీద నాకు అసహ్యం పుట్టింది. చదవనివాళ్లందరికీ బుద్ధి చెప్పాలని నేను వేసిన రాయి, చదివే ఒకే ఒక్క మనిషికి తగిలింది.

ఇక నాకు నిద్రాహారాలు లేవు. ఆ కట్టకు ఎలాగైనా ఒక నిజమైన గ్రాంటు వెతకాలి, లేకపోతే ఆయన ముఖం చూడలేను. వెతికాను. ఒకటి జిల్లాకు సముద్రతీరం ఉండాలంది. (అనంతపురానికి సముద్రం ఎక్కణ్ణుంచి తేను?) ఒకటి దరఖాస్తుదారుకు నలభై ఏళ్లు దాటకూడదంది. ఒకటి ఫిన్‌లాండు భాగస్వామి కావాలంది. ఒకటి అన్నీ సరిపోయి, చివరి పేజీలో 'ఆవులు, గేదెలు మాత్రమే' అంది. ఆ కంప్యూటరును బయటికి ఎత్తి పారేద్దామన్నంత విసుగు పుట్టింది. చివరికి, పశుపోషకుల కోసం పనిచేసే ఒక ట్రస్టు ప్రకటన దొరికింది. మేకల సార్ రాసిందానికి కొలిచి కుట్టించినట్టుంది. గడువు శుక్రవారం సాయంత్రం. దొరికింది మంగళవారం. "ఆ నిధివాళ్ల పని ఆలస్యమయ్యేట్టుంది, ఈలోపల దీనికి కూడా పెడదాం సార్" అని మేకల సార్‌తో చెప్పి సంతకాలు తీసుకున్నాను. ఇక రిజిస్ట్రారు సిఫారసు లేఖ ఒకటి కావాలి. అది ముద్ర సార్ చేతి మీదుగా పోవాలి.

ముద్ర సార్ కాగితాలు రెండుసార్లు తిరగేశాడు. "ఏమప్పా, సర్క్యులర్లో మేకలకిచ్చే సంస్థ పేరు ఒకటి, నువ్వు తెచ్చిన దాంట్లో పేరు ఇంకొకటి."

"ఇది వేరే సంస్థ సార్."

"దీనికి ఇన్వర్డు నంబరు యాడుంది?"

"లేదు సార్. కానీ ఇది నిజంగా ఉంది, చూడండి, వెబ్‌సైటు కూడా..."

"నిజంగా ఉంటే సరిపోతాదా? సర్క్యులేటు కావల్ల. దానికి చూడు, నంబరుండాది, తేదీ ఉండాది, పంతొమ్మిది మంది పెద్దమనుషులు సంతకం పెట్టినారు. పంపల్లంటే దానికే పంపల్ల. దీన్ని నేను ముట్టను."

అది లేనే లేదు సార్ అని అరవాలని నాలుక చివరిదాకా వచ్చింది. అరిస్తే నా ఉద్యోగంతో పాటు మేకల సార్ పరువు కూడా పోతుంది. నేను పుట్టించిన అబద్ధం నంబరుతో సహా దర్జాగా ఫైల్లో కూర్చుంది. నిజం మాత్రం గుమ్మం బయట నిలబడి ఉంది. బతిమాలాను, దండం పెట్టాను. "రూలు నేను పెట్టింది కాదప్పా" అన్నాడు. ఇక వేరే దారి లేక ఆ ప్రకటనకు నంబరు వేయించి, సర్క్యులర్ పుస్తకం చంకలో పెట్టుకుని, అటెండరు సైకిలు అడిగి నేనే బయల్దేరాను.

రెండు రోజులు ఆ ఎండలో పంతొమ్మిది విభాగాల గడపలూ తొక్కాను. ఒక హెడ్డు తరగతిలో, ఒకాయన సెలవు పెట్టి ఇంట్లో, ఒకాయన భోజనానికి పోయి వస్తానని మధ్యాహ్నం మూడింటి దాకా రాలేదు. మేడమ్ గారు పెన్ను వెతుక్కోవడానికే పావుగంట. రసాయనశాస్త్రం సార్ "దీంట్లో నానో ఉండాదా?" అని అడిగాడు. లేదు సార్ అనగానే సంతకం పెట్టాడు. ఎవరూ చదవలేదు. జీవితంలో మొదటిసారి నేను ఎవరూ చదవకూడదని మొక్కుకున్నాను. చదివితే సందేహాలు వస్తాయి, సందేహాలు వస్తే కమిటీ వేస్తారు. శుక్రవారం మధ్యాహ్నానికి పంతొమ్మిదో సంతకం పడింది, ముద్ర పడింది, రిజిస్ట్రారు లేఖ చేతికొచ్చింది. గడువుకు ఇరవై నిమిషాల ముందు దరఖాస్తు పోయింది. రిజిస్ట్రారు నా భుజం తట్టి, "చూసినావా, సిస్టమ్ ప్రకారం పోతే అన్నీ అవుతాయి" అన్నారు.

నాలుగు నెలల తరువాత ట్రస్టు నుంచి ఉత్తరం వచ్చింది. మేకల సార్ పరిశోధనకు మూడేళ్లపాటు గ్రాంటు మంజూరైంది. మా విభాగానికి అదే మొదటిది. నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. గండం గడిచిందనే అనుకున్నాను. మరునాడు మేకల సార్ మళ్లీ వచ్చాడు, చేతిలో ఒక కవరుతో.

"ఒకే పనికి ఇద్దరి దగ్గర చెయ్యి చాపేది న్యాయం కాదప్పా. ఆ పదిహేడో నంబరోళ్లకు, నా దరఖాస్తు వెనక్కి తీసుకుంటాండానని రాసినా. మేకల గురించి మొదట అడిగినోళ్లు వాళ్లే కదా, అందుకని రెండు మంచి మాటలు కూడా రాసినా. అడ్రసు చెప్పు" అన్నాడు.

అడ్రసు ఎక్కణ్ణుంచి చెప్పను? ఒక్కసారిగా ఏడుపొచ్చింది. కూర్చోబెట్టి, మేక బోర్డు దగ్గర కనబడిన దగ్గర్నుంచి మొత్తం చెప్పేశాను. ఆయన కవరును మోకాలి మీద పెట్టుకుని అంచులు సరిచేస్తూ విన్నాడు.

"ఎంతమంది సంతకం పెట్టినారు దానికి?" అన్నాడు చివరికి.

"పంతొమ్మిది మంది సార్."

"చదివింది?"

"మీరొక్కరే సార్."

"అయితే నువ్వు ఎగతాళి చేసింది నన్నొక్కణ్ణే కదప్పా" అన్నాడు. కోపంగా అనలేదు, లెక్క తేల్చుకుంటున్నట్టు అన్నాడు. పెద్దగా తిట్టి ఉంటే బాగుండేది. ఆయన లేచి, ఆ కవరును నా బల్ల మీద పెట్టాడు. "దీనికి కూడా నంబరు వేయించి ఫైల్లో పెట్టు. రేపు ఎవరన్నా తిరగేస్తే ఆ ముసలోడు రెండు చోట్ల తీసుకున్నాడని అనుకోకూడదు" అని చెప్పి గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగాడు. "సోమవారం జాబితా మాత్రం ఆపద్దప్పా. ఎవురూ చదవరని ఆపద్దు."

తరువాత ఆయన మూడేళ్లూ పల్లెల్లోనే తిరిగాడు. నేను కాంట్రాక్టు అయిపోయాక వేరే ఊళ్లో వేరే విశ్వవిద్యాలయంలో చేరాను. అక్కడా అదే పని, అవే విసుగులు. ఆ ఇరవై నాలుగేళ్ల కుర్రాడు, సైకిలు మీద సర్క్యులర్ పుస్తకం పెట్టుకుని ఎండలో చెమటలు కక్కుతూ, దారంట అందర్నీ తిట్టుకుంటూ పోయినవాడు, ఇప్పుడు గుర్తొస్తే ముందు నవ్వొస్తుంది, తరువాత చెవి మెలిపెట్టాలనిపిస్తుంది. కానీ ఆ కవరు విప్పి చదివింది కూడా వాడే. అందులో, లేని ఆ సంస్థకు మేకల సార్ పొందికైన అక్షరాలతో రాశాడు: 'అయ్యా, ఈ విషయం అడగవచ్చునని తమకు తోచినందుకు నేను జీవితాంతం కృతజ్ఞుణ్ణి.'