నూకరాజు కొన్న వ్యాను

నూకరాజుకి ఆ వ్యాను ఇప్పించింది నేనే. ఏలూరులో నాదొక చిన్న మోటారు షెడ్డు. పాత బళ్ళు అమ్మేవాళ్ళకీ కొనేవాళ్ళకీ మధ్య నిలబడి నాలుగు మాటలు చెప్పడం నాకు అలవాటు. ఆ రోజు చెప్పాల్సిన ఒక్క మాట మాత్రం చెప్పలేదు.

నూకరాజుది కొల్లేటికోట. యుద్ధంలో మిలిటరీ లారీ తోలి వచ్చాడు. తిరిగొచ్చాక ఎనిమిదేళ్ళు చేపలు పట్టాడు గానీ, చేతులు స్టీరింగు కోసం కొట్టుకుపోయేవి. భీమడోలు స్టేషనులో దిగిన యాత్రికుల్ని ద్వారకా తిరుమల కొండకి చేర్చే బండి నడపాలని అతని ఆశ. 1954లో ఆకివీడులో ఒక పాత వ్యాను అమ్మకానికొచ్చింది. ఐదేళ్ళపాటు అందులో ఎండుచేపలు మోశారు. తలుపు తియ్యగానే నేను ఊపిరి బిగబట్టాను. నూకరాజు మాత్రం లోపలికి దూరి, చెక్కలు తట్టి చూసి, ఇంజను చప్పుడు విని, "దివ్యంగా ఉందండీ" అన్నాడు. అన్నీ తెలిసే కొంటున్నాడు, శుభ్రం చేసుకుంటాడులే అనుకున్నాను. దానికోసం పడవ అమ్మేశాడు, వలలూ అమ్మేశాడు. ఆ వ్యాను నడవకపోతే వెనక్కి వెళ్ళి బతకడానికి ఏమీ మిగల్లేదు.

రెండు నెలలకి షెడ్డుకొచ్చి కూలబడ్డాడు. మనిషి సగమయ్యాడు.

"నా మొహంలో ఏవుందండీ శేషగిరిగారూ? ఎక్కుతారు, కూర్చుంటారు. నేను ఇంజను తిప్పేలోగా, ‘ఏవండీ, మావాళ్ళు వెనకాల ఉండిపోయారండీ’ అని దిగిపోతారు. పోయి ఎద్దుబండి ఎక్కుతారు."

మా వైపు జనం మర్యాద అలాంటిది. నొచ్చుకునే మాట ఒక్కటీ అనకుండా మనిషిని ముంచగలరు. ఆ మర్యాదస్థుల్లో నేనూ ఒకణ్ణే.

"వాసన రాజూ" అన్నాను.

"ఏం వాసనండీ?"

వేళాకోళమేమోనని అతని మొహంలోకి చూశాను. కాదు. చేపల మధ్య పుట్టి పెరిగిన ముక్కు అది. అతనికి నిజంగానే తెలియడం లేదు. నాకు సిగ్గేసింది.

పాత చెక్కలన్నీ పీకేసి కొత్తవి వేశాను. రేకులు కుంకుడురసంతో తోమించి, సాంబ్రాణి పొగ పట్టించాను. కూలి తీసుకోలేదు, నా తప్పుకి అదే జరిమానా. వ్యాను ఘుమఘుమలాడింది. జనం మాత్రం దిగిపోతూనే ఉన్నారు. చివరికి వెంకటనరసమ్మగారని ఒక పెద్దావిడ, దిగుతూ దిగుతూ నిజం చెప్పింది: "బండి బాగానే ఉంది నాయనా. వాసన నీ దగ్గర్నుంచే."

ఆ మాట నాకు చెప్పి నూకరాజు ఏడ్చాడు. బండి నడవక, అతని భార్య అచ్చమ్మ ఊళ్ళోవాళ్ళ పడవల దగ్గర చేపలు కొని, ఎండబెట్టి అమ్ముతోంది. ఇంట్లో తిండీ, వ్యానులో పెట్రోలూ ఆ చేపల మీదే. జనం ఎంత దిగిపోతే ఆమె అంత ఎక్కువ ఎండబెట్టాలి. ఇల్లంతా చేపలే, అతని చొక్కాలు ఆరేసే దండెం కింద కూడా.

"కొల్లేట్లోకి తోలేసి, తలుపులేసుకుని అందులోనే కూర్చుందామనుందండీ" అన్నాడు. అన్నంత పనీ చేస్తాడేమోనని భయపడ్డాను.

"కొన్నాళ్ళు ఇంటికి వెళ్ళకు" అన్నాను. అంతకన్నా మంచి సలహా నా బుర్రకి తట్టలేదు.

భీమడోలులోనే ఉండిపోయాడు. వ్యానులో పడుకున్నాడు, కాలవలో స్నానం చేశాడు. చేప ముట్టలేదు. నెల తిరిగేసరికి జనం దిగిపోవడం మానేశారు. తర్వాత బండి నిండింది. డబ్బు మనిషి చేత ఇంటికి పంపేవాడు.

మూడు నెలల తర్వాత ఒక శనివారం, కొండకి వెళ్దామని నేనూ ఎక్కి అతని పక్కన కూర్చున్నాను. అప్పుడు అచ్చమ్మ వచ్చింది. మొగుణ్ణి చూడాలని తెల్లారుఝామున పడవెక్కి, గట్టునపడి నడిచి వచ్చింది. కిటికీ దగ్గరికొచ్చి "ఎలా ఉన్నావు మావా?" అంది.

నూకరాజు జవాబు చెప్పబోయి ఆగిపోయాడు. అతని ముక్కుపుటాలు అదిరాయి. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అతనికి ఆ వాసన తెలిసింది. అది ఆమె చూసింది. కొంగు దగ్గరికి లాక్కుని రెండడుగులు వెనక్కి వేసింది.

"ఊరికే చూసిపోదామని వచ్చాను. నువ్వెళ్ళు మావా, జనం ఎక్కేశారు" అంది.

వెనక పదిహేనుమంది కూర్చుని ఉన్నారు. అతను దిగలేదు. ఇంజను తిప్పాడు. బండిని కొండకి చేర్చాడు. అందరూ దిగాక స్టీరింగు మీద తల వాల్చి అన్నాడు:

"ఎవరైనా కొంటారేమో చూడండి శేషగిరిగారూ. నేను ఇంటికి పోవాలండీ."