మాట కోసం ఆగిన మా అత్తగారు

మా అత్తగారు పోయారు. శుక్రవారం పొద్దున్నే పూర్ణా మార్కెట్‌కి బయల్దేరబోతూ గుమ్మంలోనే కూలబడిపోయారు. మేము లేవనెత్తేసరికే ప్రాణం లేదు. దినం నాడు భోజనాలకొచ్చిన చుట్టాలు ఆమెను దేవత అన్నారు. ఆ ముఖాలన్నీ చూస్తూ కూర్చున్నాను. ఒకప్పుడు ఆమెను మొండిముండ అన్నవి ఆ నోళ్ళే. వాళ్ళ పొగడ్తలతో ఆమెను సాగనంపడం ఇష్టం లేక ఇది రాస్తున్నాను.

ఉక్కు కర్మాగారం కడుతున్న రోజుల్లో నేను ఒక కాంట్రాక్టరు దగ్గర ఫిట్టర్ని. పరంజా మీంచి జారిపడి తల పగిలింది. ఆసుపత్రిలో తెలివొచ్చాక అందరి మాటలూ అర్థమయ్యేవి, నా నోట మాత్రం మాట వచ్చేది కాదు. కుడిచెయ్యి చచ్చుబడిపోయింది. చుట్టాలు బత్తాయిలు పట్టుకొచ్చి, మంచం చుట్టూ చేరి, నేను అక్కడ లేనట్టే నా గురించి మాట్లాడుకునేవారు. నోరు పెగలనివాడికి చెవులూ ఉండవనుకునే బుద్ధి వాళ్ళది. అందరిలోకీ తెలివైనవాడు మా అన్న. నా మంచం పక్కనే నిలబడి మా అత్తగారికి సలహా చెప్పాడు.

"ఈడింక మనిసి అవడు. పిచ్చాసుపత్రిలో యేసీసి, పిల్లని మీ ఇంటికి తీస్కుపోండి."

నా భార్య తల వంచుకుని ఏడుస్తోంది.

"మాటే కదా పోనాది, మనిసి ఇక్కడే ఉన్నాడు," అన్నారు అత్తగారు. "ఆయనకి ఇనపడతంది. బయటికెళ్ళి మాటాడు."

రోజూ మాట్లాడిస్తూ, చేతికి పని చెబుతూ ఉంటే మాటా చెయ్యీ మెల్లగా రావచ్చనీ, ఎంతవరకు వస్తాయో మాత్రం చెప్పలేమనీ డాక్టరు అన్నారు. మా అన్న ఆ చివరి ముక్క ఒక్కటే పట్టుకుని వెళ్ళిపోయాడు. అత్తగారు మిగతాదంతా పట్టుకున్నారు.

మా ఇద్దర్నీ గాజువాకలో తన ఇంటికి తెచ్చుకున్నారు. ఆమెది పూర్ణా మార్కెట్‌లో కూరగాయల దుకాణం. దుకాణమంటే నేల మీద పరిచిన గోనెపట్టా. నా కాళ్ళు నిలదొక్కుకోగానే తీసుకెళ్ళి పక్కన కూర్చోబెట్టుకున్నారు. చిక్కుళ్ళు ఏరడం కుడిచేతి పని. ఎడమచెయ్యి సాయానికి వెళితే దాని మీద చిన్నగా ఒకటి వేసేవారు.

నా నోటికి మొదట దొరికిన మాట వంకాయ. ఏది చూపించినా వంకాయే. చుట్టుపక్కల దుకాణాలవాళ్ళు నవ్వేవారు, వాళ్ళకి పొద్దుపోవాలి కదా. ఒకరోజు అత్తగారు నా చేతిలో ఒక కాయ పెట్టి, "ఇదేటి బావూ?" అన్నారు. వంకాయన్నాను. అయితే కొరకమన్నారు. కొరికాను. ఆ చేదుకి కళ్ళనీళ్ళతో పాటు కాకరకాయన్న మాట కూడా బయటికొచ్చింది. ఆమె నవ్వలేదు. బుట్టలోంచి ఇంకోటి తీసి, "మరి ఇదో?" అన్నారు.

తలకి దెబ్బ తగిలినవాడికి కోపమూ అదుపులో ఉండదు. ఒకసారి టమాటా బుట్టని తన్నేశాను. "కోపం నీది, టమాటాలు నాయి. ఏరు," అన్నారు. ఏరాను, కుడిచేత్తోనే.

ఇస్త్రీ చొక్కా పెద్దమనిషి ఒకాయన నన్ను బెండకాయల ధర అడిగాడు. నేను మాట వెతుక్కుంటుంటే విసుక్కుని, వీడికేమైనా పిచ్చా అని అత్తగార్ని అడిగాడు. "అడిగింది ఆయన్ని కదా, ఆగండి. ఆయనే సెప్తాడు," అన్నారామె. పెద్దమనిషి ఆగలేదు. బీచిలో గంటలకొద్దీ కూర్చునే తీరిక ఉండి, ఒక్క మాట కోసం ఆగే తీరిక లేని ఇలాంటివాళ్ళని తర్వాత చాలామందిని చూశాను.

మాట వచ్చింది, అంతా కాదు. ఇప్పటికీ పేర్లు జారిపోతాయి. వేళ్ళు ముడుచుకునే ఉంటాయి. మళ్ళీ పరంజా ఎక్కలేకపోయాను, ఆ దుకాణమే నా బతుకైంది. నేను బాగుపడ్డాక, దగ్గరుండి వైద్యం చేయించింది తనేనని మా అన్న ఊరంతా చెప్పుకున్నాడు. ఆ సంగతి అత్తగారి చెవిన వేస్తే, "సెప్పుకోనీ. ఆడికి మాటలొచ్చు కదా," అన్నారు. దినం నాడు దేవత అన్న మొదటి గొంతు కూడా అతనిదే.

నాకింకా మాట సరిగా రాని రోజుల్లో, మార్కెట్ నుంచి ఇంటికొచ్చే బస్సులో రోజూ ఆమే టిక్కెట్లు తీసుకునేవారు. ఒక సాయంత్రం సీట్లో కూర్చుంటూనే కళ్ళు మూసేసుకున్నారు. కండక్టరు వచ్చి నిలబడ్డాడు. నేను కుదిపినా ఆమె లేవలేదు. వెనకాల ఎవరో గొణుగుతున్నారు. నోట్లో తిరుగుతున్న ఊరి పేరు ఎంతకీ బయటికి రాదు. చివరికి, "గాజువాక, రెండు," అన్నాను. కండక్టరు టిక్కెట్లు చింపి ఇచ్చి, అదేదో మామూలు సంగతైనట్టు ముందుకెళ్ళిపోయాడు. అత్తగారి తల మెల్లగా నా కుడిభుజం మీదికి ఒరిగింది. జుట్టులో కొత్తిమీర ఆకు. ఆ భుజానికి అప్పటికింకా స్పర్శ సరిగా రాలేదు. బరువు మాత్రం తెలుస్తూనే ఉంది.