ఒకటో మెట్టు మీది గుడియా

ఆ రోజుల్లో ప్రతి మనిషి లోపలా ఒక మెట్లవరస ఉంటుందని, ఎవరు ఏ మెట్టు మీద నిలబడ్డారో కనుక్కోవడానికి నాలుగు ప్రశ్నలు చాలని నేను గట్టిగా నమ్మేదాన్ని. అప్పుడు ఢిల్లీలో ఎమ్మే సైకాలజీ చదువుతూ మయూర్ విహార్‌లో మా పిన్ని వాళ్లింట్లో ఉండేదాన్ని. పిన్ని ఆస్పత్రిలో స్టాఫ్ నర్సు, బాబాయి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి. ఆ సెమిస్టర్‌లో మాకు నీతి సిద్ధాంతాలూ, పిల్లల్లో మంచిచెడ్డల తెలివిడి ఎలా పెరుగుతుందన్నదీ కలిపి ఒక పేపరు పెట్టారు. ఫలితం మంచిదైతే పని మంచిదే అనేవాళ్లు ఒక వైపు, ఫలితంతో నిమిత్తం లేదు, విధి విధే అనేవాళ్లు ఇంకో వైపు, పనిని కాదు, మనిషి గుణాన్ని చూడమనేవాళ్లు మరో వైపు. పిల్లల సంగతికొస్తే, అడుగు మెట్టు మీద దెబ్బల భయం, ఆ పైన నలుగురి మెప్పు, ఆ పైన నియమం, అన్నిటికంటే పైన సొంత మనస్సాక్షి. ఈ కాస్తా చదివాక ఇంట్లో నాతో వేగడం కష్టమైపోయింది. పోలీసు లేని చోట కూడా బాబాయి ఎర్రలైటు చూసి స్కూటర్ ఆపితే, వెనక కూర్చుని "ఎందుకు ఆపావు బాబాయ్?" అని ఆరా తీసేదాన్ని. "అలవాటమ్మా" అనేవాడు పాపం. (అలవాటుకి మా పుస్తకంలో మెట్టు లేదు. అందుకని బాబాయిని పెండింగులో పెట్టాను.) పిన్ని దగ్గర మాత్రం నా ఆటలు సాగేవి కావు. "డ్యూటీ నుంచొచ్చి వంట చేస్తున్నానే, ఇది ఏ మెట్టో తీరిగ్గా చూసి చెప్దువుగానీ, ముందు ఆ ఉల్లిపాయలు తరుగు" అనేది.

పిల్లలకి ఏదైనా ధర్మసంకటం కథ చెప్పి, వాళ్ల జవాబుల్ని బట్టి మెట్టు నిర్ణయించి రాసుకురమ్మని మా మేడమ్ పని అప్పగించింది. పిల్లల కోసం నేను ఎక్కడికో వెళ్లక్కర్లేకపోయింది. మా తెలుగువాళ్లంతా ఆదివారం ఆరాధన జరుపుకునే అద్దె హాల్లో, ఆరాధన అయ్యాక సండేస్కూల్ ఉండేది. కోస్తా నుంచి వచ్చిన నర్సుల పిల్లలే ఎక్కువ. తెలుగులో అడిగితే అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలో వస్తుంది. నేను మెడలో ఐడీ కార్డు వేసుకుని (ఎవరూ అడగలేదు, గాంభీర్యం కోసం వేసుకున్నాను) నేను అల్లిన కథ చెప్పాను. "నీ ఫ్రెండ్ ఒక రహస్యం చెప్పి, ఎవరికీ చెప్పనని నీ దగ్గర మాట తీసుకుంది. తర్వాత టీచర్ నిన్నే అడిగింది. చెప్తావా, చెప్పవా, ఎందుకు?"

తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతి ఉండేది. అందరూ టాపర్ అని పిలిచేవారు. "ఆ రహస్యం వల్ల సమాజానికి నష్టమా లాభమా అన్నదాన్ని బట్టి ఉంటుంది దీదీ" అంది ఇంగ్లీషులో. నాకు కళ్లు చెమర్చాయి. తీసుకెళ్లి పైమెట్టు మీద కూర్చోబెట్టాను. ఆ పిల్ల పక్కనే మూడో తరగతి చదివే గుడియా. వాళ్లమ్మ పిన్నితో కలిసి పనిచేసే నర్సు. గుడియా ఆలోచించకుండానే "బతా దూంగీ" అంది. ఎందుకు చెప్పేస్తావే అంటే, "నహీ తో మమ్మీ మారేగీ." అమ్మ కొడుతుందట. ఇంత శుభ్రంగా మొదటి మెట్టు జవాబు మా పుస్తకంలో కూడా లేదు. ఆనందంగా రాసుకున్నాను: దండన భయం, ఒకటో మెట్టు.

నా పని అయిపోయిందనుకుంటుండగా గుడియా నా చున్నీ పట్టుకుని లాగింది. "దీదీ, ఒకటి చూపిస్తా. కిసీకో మత్ బతానా. ప్రామిస్?" ఎవరికీ చెప్పొద్దట. పరిశోధకులు పిల్లల నమ్మకం సంపాదించాలని చదివాను కాబట్టి వెంటనే ప్రామిస్ చేసేశాను. హాలు వెనక సామాన్ల గదికి తీసుకెళ్లింది. క్రిస్మస్ నక్షత్రాలు పెట్టే అట్టపెట్టెలో ఒక పిల్లి, దాని పొట్టకి కరుచుకుని కళ్లు తెరవని పిల్లలు. నక్షత్రం తోక మీద ఒకటి నిద్రపోతోంది. కిటికీ తీసి పిల్లిని లోపలికి రానిచ్చింది గుడియాయేనట. "బయట కుక్కలున్నాయి" అంది సంజాయిషీగా.

తర్వాతి ఆదివారం ఆరాధన అయిందో లేదో, రూల్సంకుల్ లేచారు. ఆయన రిటైరైన సెక్షనాఫీసరు, హాలు బాధ్యతలన్నీ ఆయనవే. చెప్పులు వరసలో లేకపోయినా ఊరుకోని మనిషి. "సామాన్ల గదిలో వాసనొస్తోంది. హాల్లో జంతువులు ఉండకూడదని ఓనరు అగ్రిమెంటులో రాయించాడు. తెలిస్తే ఖాళీ చేయమంటాడు" అని, నా వైపు తిరిగారు. "అమ్మాయ్, నువ్వు పిల్లలతో తిరుగుతుంటావు గదా. నీకేమైనా తెలుసా?"

నా కథ నడిచొచ్చి నా ఎదురుగానే నిలబడింది. ఇచ్చిన మాట తప్పకూడదు, అది విధి. హాలు పోతే ఇన్ని కుటుంబాలకి ఆరాధన పోతుంది, అది ఫలితం. గుణవంతురాలైతే ఏం చేస్తుందో ఆలోచించే వ్యవధి లేదు. చివరికి నా నోట్లోంచి వచ్చింది ఇది: "తెలియడం అంటే... ఏ అర్థంలో అడుగుతున్నారంకుల్?"

పిన్ని నన్ను ఎగాదిగా చూసింది. ఆయన టాపర్ని అడిగారు. ఆ పిల్ల ట్యూషన్‌కి టైమైందని చెప్పి బ్యాగు తగిలించుకుంది. అంకుల్ నిట్టూర్చి, "ఇంకేముంది, ఊడ్చే మనిషి కిటికీ తెరిచి వదిలేసి ఉంటుంది. వచ్చే వారం నుంచి వద్దని చెప్పేద్దాం" అన్నారు.

అప్పుడు లేచింది గుడియా. గౌను అంచు గుప్పిట్లో నలిపేస్తోంది. "దీదీనే నహీ ఖోలీ. మైనే ఖోలీ. బిల్లీ కే లియే" అంది. కిటికీ తెరిచింది ఊడ్చే దీదీ కాదు, పిల్లి కోసం తనేనని. అందరూ వాళ్లమ్మ వైపు చూశారు. ఆవిడ తిట్టలేదు. చెయ్యీ ఎత్తలేదు. దగ్గరికొచ్చి కూతురి భుజం మీద చెయ్యి వేసి నిలబడింది, అంతే.

రూల్సంకుల్ సామాన్ల గదిలోకి వెళ్లారు. చాలాసేపు బయటికి రాలేదు. వచ్చాక గొంతు సవరించుకుని, "అగ్రిమెంటులో హాలు అని ఉంది. వరండా ప్రస్తావన ఎక్కడా లేదు" అని ప్రకటించారు. పెట్టెని ఆయనే రెండు చేతులతో జాగ్రత్తగా మోసుకొచ్చి, వరండాలో గాలి తగలని మూల చూసి పెట్టారు. మా పాస్టరు అయ్యగారు ముగింపు ప్రార్థన మళ్లీ ఒకసారి చేశారు, ఈసారి పిల్లిని కూడా కలిపి. ఊడ్చే ఆవిడ ఉద్యోగం ఊగిన సంగతి ఆవిడకి తెలియనే తెలియదు. పిల్లి పిల్లలు పెద్దయ్యాక తలా ఒక ఇంటికి చేరాయి. ఒకదాన్ని రూల్సంకులే తీసుకెళ్లారు.

ఆ రోజు చెప్పులు వేసుకుంటున్న గుడియా పక్కన కూర్చుని అడిగాను. "అమ్మ కొడుతుందని భయమన్నావు కదే, మరి ఎలా చెప్పావు?"

అది నన్ను వింతగా చూసింది. "డర్ తో అబ్ భీ లగ్ రహా హై, దీదీ" అంది. ఇప్పటికీ భయంగానే ఉందట.

ఆ జవాబు ఏ మెట్టు మీద పెట్టాలో నాకు తెలియలేదు. వారమంతా తంటాలు పడి, చివరికి ఒకటో మెట్టు కొట్టేసి, జరిగింది జరిగినట్టు రాసి, కింద "తెలియదు" అని రాసి ఇచ్చాను. ఫెయిలవుతానని పిన్నికి ముందే చెప్పి ఉంచాను. మా మేడమ్ మొత్తం చదివి, కళ్లజోడు తీసి, "మంచిది. ఇక ఇప్పుడు మొదలుపెట్టు" అంది. నా జన్మలో అంతకు మించిన మార్కులు రాలేదు.

ఇప్పుడు నేను ఢిల్లీ పక్కనే ఇందిరాపురంలో ఉంటూ అదే పాఠం చెబుతున్నాను. పిల్లల మాట వినేటప్పుడు కలం మూసి పెట్టుకోవడం అలవాటైంది. మొన్న ఒక స్టూడెంటు క్లాసయ్యాక వెనకే వచ్చి, "మేడమ్, మా డాడీ మూడో మెట్టు దగ్గరే ఆగిపోయారు, ఆయన్ని పైకి తేవడం ఎలా?" అని అడిగింది. ముఖంలో ఎంత నమ్మకమో. సరిదిద్దుదామని నోరు తెరిచాను. కానీ ఒకప్పటి నా ముఖమే గుర్తొచ్చి ముచ్చటేసింది. "ముందు ఆయనతో కలిసి టీ తాగు" అన్నాను. అది కూడా నోట్స్‌లో రాసుకుంది.